అర్థరహిత అక్షరాలు – ఛందోబద్ధ ధారణ: ఎబ్బింగ్‌హౌస్ ప్రయోగాల పునఃపరిశీలన

స్మృతిని ప్రయోగపూర్వకంగా కొలవవచ్చునని తొలుత చూపినవాడు జర్మన్ మనోవిజ్ఞాని హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. 1885లో వెలువడిన ఆయన గ్రంథానికి ఆధారం తనపై తానే జరుపుకొన్న ప్రయోగాలు. సుమారు 2,300 అర్థరహిత అక్షరసముదాయాలను కూర్చుకొని, వరుసలుగా వల్లెవేసి, కొంత వ్యవధి తరువాత వాటినే మళ్ళీ నేర్చుకొనేటప్పుడు ఎంత శ్రమ ఆదా అయినదో లెక్కగట్టాడు. 20 నిమిషాలకు ఆదా 58 శాతం. ఒక రోజుకు 34. 31 రోజులకు 21. మరపు మొదట వేగంగాను, పిమ్మట మందగతిలోను సాగుతుందన్న సూత్రం ఇందులోనిదే.

పాఠ్యగ్రంథాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. అయితే అదే గ్రంథంలో మరొక ప్రయోగం ఉన్నది. బైరన్ ‘డాన్ జువాన్’ కావ్యంలోని 80 అక్షరాల పద్యాన్ని ఆయన దాదాపు 9 ఆవృత్తులలో కంఠస్థం చేశాడు. అంతే నిడివిగల అర్థరహిత సామగ్రికి 70–80 ఆవృత్తులు అవసరమని ఆయన అంచనా. అర్థం, లయ, ప్రాస కలిసి శ్రమను పదోవంతుకు దించాయి.

తెలుగు అవధాన పరిశోధకులకు ఈ రెండవ ప్రయోగమే ముఖ్యం. అష్టావధాని ఆవృత్తికొక పాదం చొప్పున పద్యం చెప్పి, అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతున్నా, చివరకు ధారణలో సమగ్రంగా అప్పగిస్తాడు. అక్కడ యతిప్రాసలు కేవలం శోభ కోసం కావు. రాదగిన పదాల సంఖ్యను కుదించే నియమాలు. పైగా ఆ పద్యం తాను అల్లినదే గాని బట్టీపట్టినది కాదు. కనుక అర్థరహితాక్షరాల మరపురేఖతో ధారణను తూచి, అద్భుతమని తేల్చడం పద్ధతిదోషమే. అందులో స్మరణ ఎంత, పునర్నిర్మాణం ఎంత? పృచ్ఛకులు వ్రాసుకొన్న పాఠానికీ ధారణపాఠానికీ భేదాలు యతిస్థానాల్లో పడుతున్నవా, నియమంలేని చోట్లనా అన్నది ముందుగా పరిశీలించవలసి ఉన్నది.