ఇందుకూరుపేట కాలువలలో ఈత చదువు

1855లో నెల్లూరువద్ద పెన్నకు ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు పారి మాగాణమైన ఈ డెల్టాలో, పంటకాలువలు, చెరువులు, దిగుడుబావులు, ఉప్పును వంటచెరకును మద్రాసునకు చేరవేసిన బకింగ్‌హాం కాలువ, వానికిఁ దూర్పున మైపాడు సముద్రము, ఇన్ని విధముల నీటి నడుమ ఇందుకూరుపేట పరిసర గ్రామములు వెలసియున్నవి. ఇట్టిచోట ఈత వినోదము కాదు. నడకవలె నేర్వవలసిన విద్య.

ఆ విద్యకు బడి లేదు గాని పద్ధతి కలదు. ఎండిన సొరబుర్రలు రెండింటిని త్రాటితో ముడివైచి, పిల్లవాని చంకల క్రిందుగాఁ గట్టి, మేనమామయో చిన్నాయనయో నడుములోతు నీటిలో నిలిచి, గడ్డముక్రింద అరచేయి యానించి, "కాళ్లు కొట్టరా, నేనున్నాను గదా" అనుచు, ప్రతిదినము ఆ రేవుననే, ఆ వేళకే, ఆ మాటలతోనే నేర్పెడివాఁడు. కొన్నాళ్లకు ఒక బుర్ర విప్పుదురు, మఱికొన్నాళ్లకు రెండవది, కడపట అరచేయియుఁ దొలఁగును. అరటిబోదెలు దొరికినచోట బుర్రల పనియే లేదు. ఆడపిల్లల కీ విద్య అరుదుగానే దక్కినది. ఆ లోపమును సంప్రదాయమను పేరఁ గప్పిపుచ్చుట నాకు సమ్మతము కాదు.

ఈ చదువునకుఁ బూర్తిగా దూరమైనవారు వేఱొకరు కలరు. పిలిచినఁ బలుకక, కన్నులలోనికిఁ జూడక, పాఱు నీటిని గంటలతరబడి చూచుచుండు బిడ్డను లోకము "వెఱ్ఱివాఁడు" అని రేవుకు రానీయలేదు. 1943లో వైద్యుఁడు లియో కానర్ అమెరికాలో ఇట్టి పిల్లలు పదునొకండుగురిని వర్ణించి, వారి స్థితిని ఆటిజమని పేర్కొనెను. మన దేశమున 1995 నాటి వికలాంగుల చట్టము ఆటిజమును గుర్తింపలేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమున దానికిఁ జోటు దొరకినది. 2016 నాటి చట్టము ఇరువదియొక్క వైకల్యములలో దానినిఁ జేర్చినది.

నీటికి దూరముగా నుంచుటచే ఆ బిడ్డలకు రక్షణ కలిగినదా? లేదనియే చెప్పవలెను. చెప్పక యిల్లు వెడలుట, నీటివైపు ఆకర్షింపఁబడుట, అపాయము నెఱుఁగకుండుట వారిలోఁ బెక్కండ్రకుఁ గలదు. ఆటిజముగల చిన్నపిల్లలు నీట మునిఁగి మరణించు ప్రమాదము ఇతర బాలలకంటె నూఱురెట్లకుఁ బైగా నున్నదని 2017లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికా మరణపత్రములను బరిశీలించి తేల్చిరి. చిత్రమేమనఁగా, నేఁడు అట్టి బాలల ఈత శిక్షకులు కోరునవియు పాత రేవు పద్ధతులే: గురువు ఒక్కఁడే, చోటు ఒక్కటే, మాటలు కొన్నియే, మెట్టు తరువాత మెట్టు.

ఆటిజముగల ముంబయి బాలిక జియా రాయ్ 2022 మార్చి 20న శ్రీలంకలోని తలైమన్నారునుండి ధనుష్కోటివఱకు పాక్ జలసంధిని ఈఁదినది. మన బిడ్డలు జలసంధులు దాఁటనక్కఱలేదు. పంటకాలువలోఁ బడినవాఁడు వెల్లకిలఁ దేలి గట్టు పట్టుకొనఁగలిగినఁ జాలును. తలిదండ్రులారా, ఆ పాటి ఈతను ఒంటిమీఁది బట్టలతోఁ గూడ నేర్పింపుఁడు. నేర్చినను చేయి చాఁచిన నందునంత దూరముననే యుండుఁడు. బిడ్డ కనఁబడనప్పుడు వీథులు వెదకుటకు ముందు కాలువగట్టునకుఁ బరుగెత్తుఁడు, ఇరుగుపొరుగులకును ఈ మాట ముందుగనే చెప్పియుంచుఁడు.