వెనక్కి వచ్చిన ఫైలు

మా పక్కింటి పెద్దాయన వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చిన మనిషి. ఓ ఆదివారం ఉత్తరం పట్టుకుని వచ్చి, "ఇందులో రిమాండ్ అని ఉంది. నా క్లెయిము కొట్టేసినట్టేనా?" అని అడిగారు. మన ఊళ్ళో రిమాండ్ అంటే జైలే కదా, నాకూ గుండె ఝల్లుమంది! తీరా చదివితే, కొట్టెయ్యలేదు. ఆయన మోకాలి నొప్పికీ సైన్యంలో చేసిన పనికీ సంబంధం ఉందో లేదో డాక్టరు మళ్ళీ చూసి చెప్పాలని ఫైలు వెనక్కి పంపారు.

దీని వెనక పెద్ద కథే ఉంది. 1988 దాకా అమెరికాలో మాజీ సైనికుడికి వైకల్య పరిహారం ఇవ్వమంటే, కోర్టుకెక్కే దారి దాదాపు లేదు. లాయరు ఫీజు 10 డాలర్లు దాటకూడదని 1864లో, అంటే అంతర్యుద్ధం రోజుల్లో, పెట్టిన నియమం నూరేళ్ళు దాటినా అలాగే ఉంది. ఆ డబ్బుకి ఏ లాయరు వస్తాడు చెప్పండి! 1988 చట్టంతో వీళ్ళకోసం ప్రత్యేక కోర్టు వచ్చింది.

అప్పటిదాకా అప్పీళ్ళ బోర్డులో డాక్టర్లు కూడా సభ్యులుగా కూర్చునేవారు. రోగిని చూడకుండానే, ఫైలు చదివి జబ్బు సంగతి తేల్చేసేవారు. 1991లో కాల్విన్ కేసులో కొత్త కోర్టు అది కుదరదంది. బోర్డు సొంత వైద్యం చెయ్యకూడదు, బయటి డాక్టరు అభిప్రాయం ఫైల్లో ఉండాలి, లేకపోతే తెప్పించుకోవాలి. అవసరమైతే వైద్య పరీక్ష చేయించడం ప్రభుత్వం బాధ్యతేనని 2000లో చట్టమే చెప్పింది. చేయించిన పరీక్ష మొక్కుబడిగా ఉంటే చెల్లదని 2007లో బార్ కేసులో తీర్పొచ్చింది. 2019లో అప్పీళ్ళ పద్ధతి మారినా ఫైళ్ళు వెనక్కి వెళ్ళడం ఆగలేదు.

సైనికుడి మేలుకోసం వచ్చిన ఏర్పాటే, కాదనను. కానీ ముసలితనంలో కాలం ఎవరి పక్షం?

పూర్వం పరీక్ష జరక్కుండానే ఆయన పోతే, క్లెయిమూ ఆయనతోనే పోయేది. భార్య పాత బాకీ అడగొచ్చుగానీ, ఆయన పోయిన రోజుకి ఫైల్లో ఉన్న కాగితాలే సాక్ష్యం. కావలసిన డాక్టరు కాగితమే అందులో ఉండదాయె! 2008 అక్టోబరులో దీన్ని సవరించారు. ఇప్పుడు భార్య ఏడాదిలోపు అర్జీ పెట్టుకుని ఆయన స్థానంలో కొనసాగవచ్చు, కొత్త సాక్ష్యం ఇవ్వవచ్చు.

ఇదంతా చెప్పి, పరీక్షకి మాత్రం తప్పకుండా వెళ్ళమన్నాను. ఆయనది మొదటి క్లెయిము. సరైన కారణం లేకుండా మానేస్తే ఉన్న కాగితాలతోనే తేల్చేస్తారు. ఆయన సరేనన్నారు. పక్కనే ఉన్న వాళ్ళావిడ మాత్రం ఆ 2008 చట్టం పేరేమిటో కాగితం మీద రాసిమ్మన్నారు.