ఆరో నంబరు చొక్కా

మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టుకుంటాం. అమెరికా బాస్కెట్‌బాల్‌లో ఆ పని చొక్కా మీది అంకె చేస్తుంది. ఈ రోజు ఆరో నంబరు సంగతి చెప్పుకుందాం.

దానికి అంత పేరు తెచ్చినవారు బాస్టన్ సెల్టిక్స్ ఆటగాడు బిల్ రసెల్. 1957 నుంచి 1969 వరకు 13 సీజన్లలో 11 టైటిళ్లు. చివరి రెండూ ఆడుతూ, కోచ్‌గానూ ఉండి గెలిపించినవి. ఎన్‌బీఏలో తొలి నల్లజాతి హెడ్ కోచ్ ఆయనే.

1961లో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో ఆయన జట్టులోని నల్లజాతి ఆటగాళ్లకు హోటల్లో తిండి పెట్టమన్నారు. రసెల్, తోటి నల్లజాతి ఆటగాళ్లు ఆ మ్యాచ్ ఆడకుండా వెనక్కి వెళ్లిపోయారు. గెలుపుల లెక్కలో రాని రోజు అది. మనం గుర్తు పెట్టుకోవాల్సిందీ అదే.

తర్వాత జూలియస్ ఎర్వింగ్ ఆరో నంబరుతో ఫిలడెల్ఫియాకు 1983లో టైటిల్ తెచ్చారు. లెబ్రాన్ జేమ్స్ అదే అంకెతో మయామీకి 2012, 2013లలో తెచ్చారు.

2022 జులై 31న రసెల్ కన్నుమూశారు. ఆగస్టులో ఎన్‌బీఏ అన్ని జట్లలోనూ ఆ అంకెకు సెలవిచ్చింది. లీగ్ మొత్తానికీ అలా జరగడం అదే మొదలు. అప్పటికే వేసుకుంటున్నవాళ్లు ఉంచుకోవచ్చన్నారు. లెబ్రాన్ మాత్రం మరుసటి ఏడాది దాన్ని వదిలి 23కు మారారు.

పేరు పెట్టుకోవడం ఒక గౌరవం, పెద్దాయన కోసం వదులుకోవడం ఇంకో గౌరవం. మన పిల్లలకు ఆ 11 టైటిళ్లతో పాటు లెక్సింగ్టన్ సంగతి కూడా చెబుదాం.