మర్హమ్ పట్టీ చేసిన చేతులు



జంగ్ అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేవి తల్వార్, తుపాకీ, గుర్రం. ఫతహ్ చేసినవాడి పేరు తారీఖ్ కితాబుల్లో ఉంటుంది. జఖ్మీకి నీళ్లు తాగించి, నెత్తురు తుడిచి, పట్టీ కట్టినవాడి పేరు చాలాసార్లు ఉండదు. మస్జిదె నబవీలో ఖైమా వేసి, ఖందక్ జంగ్‌లో గాయపడ్డ సఅద్ బిన్ మఆజ్ (రజి)కు తీమార్‌దారీ చేసిన రుఫైదా (రజి) పేరు మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? ఇవాళ ఆ దారిలో నడిచిన ఒక నౌజవాన్ గురించి రాస్తాను. పేరు అబ్దుర్రహ్మాన్ పెషావరీ.

1912 అక్టోబర్‌లో బాల్కన్ జంగ్ మొదలైంది. బల్గేరియా, సెర్బియా, గ్రీస్, మాంటినీగ్రో ఒకవైపు, ఉస్మానీ సల్తనత్ ఇంకోవైపు. కొన్ని వారాల్లోనే ఉస్మానీ ఫౌజు ఇస్తాంబుల్ గుమ్మం లాంటి చతల్జా దాకా వెనక్కి వచ్చేసింది. తూటాకు దొరకని సిపాయిని హైజా, అంటే కలరా, పట్టుకుంది.

ఆ ఖబర్ హిందుస్తాన్‌ను కుదిపేసింది. మౌలానా ముహమ్మద్ అలీ తన 'కామ్రేడ్' పత్రికలో పిలుపునిచ్చారు. చందాలు పోగయ్యాయి. డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ సర్దారీలో ఒక వైద్య బృందం తయారై, డిసెంబర్‌లో బొంబాయిలో ఓడెక్కింది. ఈ అన్సారీ సాబ్ మనకు పరాయివారు కాదు. వారి ఖాందాన్ హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఆయన మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, తర్వాత విలాయత్ వెళ్లారు. 1927లో అదే మద్రాసులో కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షులయ్యారు.

బృందంలో డాక్టర్లు కొందరే. మిగతావాళ్లలో అలీగఢ్ తాలిబె ఇల్మ్‌లు ఉన్నారు. వాళ్లు పట్టీలు కట్టేవాళ్లుగా, తీమార్‌దార్లుగా వెళ్లారు. పెషావరీ అలాంటివాడే. ప్రయాణం కోసం తన సామాన్లు అమ్ముకున్నాడని చెబుతారు. చదువు మధ్యలోనే ఆగిపోయింది.

వినడానికి చిన్న పనే అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్ని తలచుకోండి. పెన్సిలిన్‌ను కనిపెట్టింది 1928లో. అంతకుముందు గాయం చీము పడితే చెయ్యో కాలో తీసేయాలి, లేదా ప్రాణం మీద ఆశ వదులుకోవాలి. రోజూ పట్టీ విప్పడం, గాయం కడగడం, మళ్లీ కట్టడం, ఇదే దవా. కలరా రోగి దగ్గర కూర్చున్నవాడికి ఆ రోగం అంటదన్న గ్యారంటీ లేదు. తుపాకీ పట్టినవాడు కనీసం ఎదురుదాడి చేయగలడు. పట్టీ పట్టినవాడికి ఆ వీలు కూడా లేదు.

1913 జులైలో బృందం వాపస్ వచ్చింది. పెషావరీ రాలేదు. ఉస్మానీ ఫౌజులో చేరాడు. 1915లో గలిపోలీ మైదానంలో మూడుసార్లు గాయపడ్డాడని అంటారు. నిన్నటిదాకా పట్టీలు కట్టినవాడికి ఇప్పుడు ఇంకెవరో పట్టీ కట్టాల్సి వచ్చింది. మనసును కలచివేసే మాట ఇంకొకటుంది. ఎదుటి పక్షంలో, అంగ్రేజుల జెండా కింద, హిందుస్తానీ సిపాయిలే ఉన్నారు. వాళ్లలో ముస్లింలూ ఉన్నారు. అక్కడ వాళ్ల గాయాలు కడిగిన 108వ ఇండియన్ ఫీల్డ్ అంబులెన్స్ కూడా మన దేశానిదే. ఒకే వతన్ బిడ్డలు రెండు వైపులా నెత్తురు కార్చారు. జఖ్మ్‌కు మాత్రం జెండా తెలియదు, నొప్పి ఒక్కటే.

తర్వాత ఆయన నా బిరాదరీలోకి వచ్చాడు. 1920లో మొదలైన అనదోలు వార్తాసంస్థ తొలి జర్నలిస్టుల్లో ఆయనొకడు. ఆపైన అఫ్గానిస్తాన్‌లో కొత్త తుర్కీకి తొలి సఫీర్ అయ్యాడు. 1925లో ఇస్తాంబుల్‌లో ఆయనపై కాల్పులు జరిగాయి. రవూఫ్ ఓర్బే అనే నాయకుడనుకుని కాల్చారని అంటారు. కొన్ని వారాలు మౌత్‌తో పోరాడి కన్నుమూశాడు. పెషావర్‌లో పుట్టినవాడి ఖబర్ ఇస్తాంబుల్‌లో ఉంది.

ఈ కథ ఇప్పుడెందుకంటే, మన ఇళ్లలో ఆడపిల్లయినా మగపిల్లాడైనా నర్సింగ్ చదువుతానంటే "డాక్టరైతే సరే, నర్సింగా?" అని మొహం చిట్లించేవాళ్లు ఇంకా ఉన్నారు. పక్కవాడి చీము, నెత్తురు కడగడం తక్కువ పని అనుకుంటున్నాం. పెషావరీ ఆ పని కోసమే చదువు, సామాను, ఇల్లు వదిలి సముద్రం దాటాడు. మీ ఇంట్లో ఏ బిడ్డయినా ఆ ఖిద్మత్‌కు ముందుకొస్తే అడ్డుపడకండి, దువా ఇచ్చి పంపండి.