రహస్యము పలుకని సాక్ష్యము



మనుష్యుడు తాను తానేయని యితరులకు రుజువు పఱచుట యెట్లు? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అశోకవనమున హనుమంతుడు ముందు నిలిచినపుడు సీతాదేవి మొదట నమ్మలేదు. రావణుడే మాఱువేషమున వచ్చెనేమోయని శంకించినది. రాముని యుంగరమును జూచిన పిదపనే యామె శంక పూర్తిగా దీఱినది. తిరిగి పోవునపుడామె చూడామణి నిచ్చి పంపినది. ఉంగరము దూతను సీతకెఱుక పఱచెను. చూడామణి యా దూత నిజముగా సీతను జూచెనని రామునకు దెలిపెను. నేడు నేను జెప్పబోవునది కంప్యూటరుల కథయే యైనను, దాని మూలమునందున్న చిక్కు ఇదియే.

అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున 1961వ సంవత్సరమున ఫెర్నాండో కోర్బటోయను పండితుడును, ఆయన సహచరులును, ఒకే పెద్ద యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతి నొకదానిని ప్రదర్శించిరి. ఒకరి వ్రాతలు వేఱొకరి కంట బడకుండుటకై అందు ప్రతివానికి నొక రహస్యపదము నేర్పాటు చేసిరి. దానినే మనము పాస్‌వర్డు అనుచున్నాము. 1960ల నడుమ నొకనాడు ఇద్దఱు నిర్వాహకులు ఒకే సమయమున రెండు దస్త్రములను దిద్దుచుండగా నవి తాఱుమాఱయ్యెను. ఆనాడు యంత్రమునొద్దకు వచ్చిన ప్రతివానికిని, నిత్యము కనబడు ప్రకటనకు బదులుగా, అందఱి రహస్యపదముల పట్టికయే యచ్చుపడి కనబడెను! ఈ సంగతిని కోర్బటోయే తరువాత లోకమునకు జెప్పినారు. రహస్యములన్నియు నొకచోట బోగుచేయుటలో నెంత యపాయమున్నదో యప్పుడే తెలిసినది.

1983లో నదే విద్యాలయమున ‘అథీనా’ యను పెద్ద ప్రయత్న మారంభమయ్యెను. డిజిటల్, ఐ.బి.ఎమ్. కంపెనీలు దానికి దోడ్పడినవి. ఒక మహాయంత్రమునకు బదులుగా విద్యాలయమంతట చిన్న యంత్రములను నిలిపి, వానినన్నిటిని తీగలతో గలుపుట వారి సంకల్పము. ఉత్తరముల కొక యంత్రము, దస్త్రముల కొకటి, అచ్చున కొకటి. విద్యార్థి యేచోట గూర్చున్నను వీనినన్నిటిని వాడుకొనవచ్చును. సదుపాయము గొప్పది, కాని చిక్కును గొప్పదే. తీగపై బోవు రహస్యపదమును నడుమ నెవడైనను దొంగచాటుగా వినవచ్చును. అదియునుగాక, విద్యార్థి ముందున్న యంత్రము పూర్తిగా నతని చేతిలోనిది. “ఇక్కడ గూర్చున్నవాడు ఫలానావాడు” అని యా యంత్రము చెప్పినంత మాత్రమున ఉత్తరముల యంత్రము నమ్మరాదు.

ఈ చిక్కునకు దారి చూపినవారు రోజర్ నీధామ్, మైకేల్ ష్రోడర్ అను నిరువురు. ఒకరినొక రెఱుగని యిద్దఱికి, ఇద్దఱును నమ్మిన మూడవవాడు సాక్షిగా నుండి, గుప్తలిపి సాయమున పరిచయము చేయవచ్చునని 1978లో వారు ప్రకటించిరి. అందొక లోపము మిగిలెను: పాతబడిన పరిచయపత్రమును దొంగిలించినవాడు దానిని మరల జూపి మోసగింపవచ్చును. పత్రముపై వేళను గూడ వ్రాసిన నీ లోపము తీఱునని 1981లో డెన్నింగ్, సాకో అనువారు సూచించిరి.

ఈ రెండు తలంపులను జేర్చి, అథీనాలో స్టీవ్ మిల్లర్, క్లిఫర్డ్ న్యూమన్ ముఖ్యులుగా నొక కట్టడిని గల్పించిరి. జెరోమ్ సాల్ట్‌జర్, జెఫ్రీ షిల్లర్ వారికి దోడైరి. దానికి ‘కెర్బెరాస్’ అని పేరిడిరి. గ్రీకుల పురాణములలో మృతులలోకపు ద్వారమును గాచు మూడు తలల కుక్కపేరది. మన యమధర్మరాజు వాకిటను శ్యామ శబలములను రెండు కుక్కలున్నవి గదా! 1988లో బిల్ బ్రయంట్ అను నాతడు దీని పుట్టుకను నాలుగు రంగముల సంభాషణముగా వ్రాసెను. అందు అథీనా యనునామె యొక యుపాయము చెప్పును; యూరిపిడీస్ అనునాతడు దానిలో కన్నము చూపును; ఆమె మరల దిద్దును. మంచి కట్టడి యేదైనను ఇట్లే పుట్టునని నా యభిప్రాయము.

ఇక దాని నడక వినుడు. కట్టడియందంతటికిని తాళపుచెవులు భద్రపఱచు పెద్ద కావలియంత్ర మొకటి యుండును. విద్యార్థి ఉదయమున వచ్చి తన పేరు చెప్పగా, అతని యంత్రము పేరును మాత్రమే కావలికి బంపును. కావలి యొక టిక్కెట్టును, ఆ పూటకు మాత్రమే చెల్లు నొక క్రొత్త తాళపుచెవిని బంపును. ఆ చెవి యొక పెట్టెలో బెట్టబడి యుండును. విద్యార్థి రహస్యపదము నుండి పుట్టిన చెవియే దానిని దెఱవగలదు. దొంగ యా పెట్టెను బట్టుకొన్నను తెఱవలేడు. విద్యార్థి తన ముందున్న యంత్రమునకు రహస్యపదమును జెప్పి పెట్టెను దెఱచును. వెంటనే యంత్ర మా పదమును మఱచిపోవును. రహస్యపదము తీగపై నొక్క యడుగైనను నడువదు.

అతనికి ఉత్తరములు కావలసినపుడు, ఉదయపు టిక్కెట్టును జూపి, ఉత్తరముల యంత్రమునకై వేఱొక టిక్కెట్టును గొనును. దాని ముద్రను ఉత్తరముల యంత్ర మొక్కటియే విప్పగలదు. టిక్కెట్టుతోపాటు అప్పటి వేళను పూటచెవితో మూసి పంపవలెను. ఇరువురి గడియారములకు అయిదు నిమిషములకంటె నెక్కువ భేద మున్నచో, వాడుకలోనున్న కట్టుబాటు ప్రకారము, టిక్కెట్టు చెల్లదు. కొన్ని గంటలకు టిక్కెట్టు దానంతట నదే మురిగిపోవును. కోరినచో ఉత్తరముల యంత్రమును తన నిజమును ఎదురు రుజువు చేయవలెను, ఇదియే చూడామణి.

ఇట్టి కట్టడిని నిలుపువారు నేటికిని జేయు పనులు నాలుగు. కావలియంత్రమును తాళము వేసిన గదిలో నుంచి, దానికి వేఱు పని యప్పగింపకుండుట మొదటిది. ప్రతి మనుష్యుని పేరును, ప్రతి సేవ పేరును అందు నమోదు చేయుట రెండవది. ప్రతి సేవకు దాని చెవిని దాని యంత్రమునందే దాచుట మూడవది. గడియారములన్నిటిని నొకే వేళకు దిద్దియుంచుట నాలుగవది. ఈ కడపటి దానిని మఱచినవారికి దక్కినవన్నియు వ్యర్థములు.

1987లో నిది యథీనాలో నిత్యవ్యవహారమునకు వచ్చెను. 1989లో దాని వ్రాతప్రతిని అందఱికి నుచితముగా నొసగిరి. కాని గుప్తలిపిని ఆయుధముగా నెంచు నాటి అమెరికా చట్టము విదేశములకు దాని నడ్డగించెను. గుప్తలిపిని దీసివేసిన యస్థిపంజరమును మాత్రమే ‘బోన్స్’ అను పేర బయటకు బోనిచ్చిరి. బయటివారు ఆ యెముకలకు తామే మాంసము గూర్చుకొనిరి. 1993లో న్యూమన్, జాన్ కోల్ అయిదవ రూపమును ప్రకటించిరి. 2005లో నది మరల దిద్దబడెను. 2000లో మైక్రోసాఫ్ట్ కంపెనీ తన విండోస్ నందు దీనిని గైకొనగా, లోకమునందలి యెన్నో కచేరీలలోనికి నిది ప్రవేశించెను.

లోపములు లేవని నేననను. నాలుగవ రూపమున ఎవడు పేరడిగినను కావలి పెట్టెను పంపుచుండెను. దొంగ దానిని దెచ్చుకొని తీరికగా పదములను ఊహించి చూడగలిగెడివాడు. అయిదవ రూపమున ముందు రుజువు కోరు నేర్పాటు చేసిరి. మొదట వాడిన గుప్తలిపిని 1998లో నొక యంత్రము మూడు దినములలోపలనే ఛేదించెను. పిమ్మట బలమైన లిపులు వచ్చినవి. అన్నిటికంటె పెద్ద యపాయ మింకను మిగిలియే యున్నది: పెద్ద కావలియే లోబడిపోయినచో నూరంతయు దోపిడియే. ఊరివారి తాళపుచెవులన్నియు నొక్కనికప్పగించునపుడు ఆ యొక్కని యింటికి ఎంత గోడ కట్టవలెనో పెద్దలైన మీకు నేను చెప్పనక్కఱలేదు.

ఈ చరిత్ర మనకేల యందురేమో. నేడు పల్లెలయందును వృద్ధులకు ఫోనుచేసి, తాము బ్యాంకువారమని నమ్మబలికి, రహస్యసంఖ్య నడుగు వంచకులు గలరు. రహస్య మెఱుగుట వేఱు, దానిని పలుకుట వేఱు అని యథీనాలోనివారు గ్రహించిరి. మిమ్ము రుజువడుగువానిని ముందు వాని రుజువడుగుడు. చూడామణి లేనిదే రాముడైనను తృప్తి చెందలేదు. ఫోనులో నెవ్వరడిగినను రహస్యమును నోట బలుకకుడు.