తెల్లమచ్చల వ్యాధి: ఆంధ్ర తీర రొయ్యల సాగు

తెల్లమచ్చల వ్యాధి సాగు రొయ్యలను మూకుమ్మడిగా చంపే వైరస్ వ్యాధి. ఇది 1994లో భారత తూర్పు తీరాన ప్రబలి నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా రొయ్యల చెరువులను ఊడ్చిపెట్టింది. దీనికి నేటికీ మందు లేదు. ఒకే కాలువ మీద ఆధారపడిన రైతులు కట్టుబాటుగా మెలిగిన చోటే దీన్ని తట్టుకోగలిగారు.

పూర్వరంగం

1980ల చివరినాటికి జపాన్, అమెరికా మార్కెట్లలో టైగర్ రొయ్యకు మంచి గిరాకీ ఉంది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ (ఎంపెడా) విశాఖపట్నంలో టాస్పార్క్ అనే రొయ్య పిల్లల ఉత్పత్తి కేంద్రాన్ని (హేచరీ) నెలకొల్పింది. నెల్లూరు జిల్లాలో కండలేరు పొడవునా, కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఉప్పుటేళ్ల వెంబడి చవుడు నేలలు, వరిచేలు చెరువులయ్యాయి. హేచరీలు ఇచ్చే రొయ్య పిల్లలు (సీడ్) సరిపోని ఆ రోజుల్లో మత్స్యకార కుటుంబాల ఆడవాళ్లు, పిల్లలు తీరపు నీళ్లలో చిన్న వలలు లాగి, రొయ్య పిల్లలను ఏరి అమ్మేవారు. చెరువులు పెరిగినంత వేగంగా కాలువలు పెరగలేదు. ఒకరు వదిలిన నీటినే పక్కవారు తోడుకునేవారు.

విపత్తు

తైవాన్, చైనాలలో 1992-93లో బయటపడిన ఈ వైరస్ 1994లో భారత్‌కు చేరింది. తెగులు తగిలిన చెరువులో ముందుగా మేత ఆగుతుంది. రొయ్యలు తింటున్నాయో లేదో చూసేందుకు చెక్ ట్రేలో వేసిన మేత వేసినట్టే ఉంటుంది. రొయ్యలు పట్టపగలే గట్టు అంచుకు చేరి నీరసంగా ఈదుతాయి, చాలాసార్లు ఒళ్లు ఎర్రబారుతుంది. తల మీది పెంకు ఊడదీసి వెలుతురుకు ఎత్తి చూస్తే గుండ్రటి తెల్లని మచ్చలు కనిపిస్తాయి. మూడు నుంచి పది రోజుల్లో చెరువంతా చచ్చిపోవచ్చు. మనుషులకు ఇది సోకదు. రొయ్యల శరీరంలో యాంటీబాడీలు తయారుకావు కనుక మామూలు టీకాలతో దీన్ని ఆపలేరు. పీతలు, కాలువల్లోని అడవి రొయ్యలు వైరస్‌ను మోసుకొస్తాయి.

తూకం రాకముందే పట్టుబడి చేసి, వచ్చిన ధరకు అమ్ముకోవడం తప్ప రైతుకు దారి లేకపోయింది. చచ్చిన చెరువు నీటిని శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలిన చోట తెగులు దిగువకు పాకింది. దెబ్బ అందరికీ సమానంగా తగల్లేదు. లీజు కట్టి, మేత అరువు తెచ్చిన చిన్న రైతుకు పంటతోపాటు పరపతీ పోయింది. చెరువుల మీద కూలీలకు, శుద్ధి కర్మాగారాల్లో రొయ్యలు ఒలిచే ఆడవాళ్లకు పని కరువైంది. నష్టాలు చూసిన బీమా సంస్థలు వెనక్కి తగ్గాయి.

చట్టం

రొయ్యల సాగు వల్ల తాగునీరు, పొలాలు ఉప్పుబారుతున్నాయని తీర గ్రామాలు అప్పటికే ఆందోళన చేస్తున్నాయి. సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 11న తీర్పు చెప్పింది. తీర నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతులకు భిన్నమైన చెరువులను తొలగించాలని, ఉపాధి పోయే కూలీలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. తీర్పు పూర్తిగా అమలుకాలేదు. 2005లో వచ్చిన తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చెరువుల నమోదును తప్పనిసరి చేసింది.

ఆక్వా క్లబ్బులు

2000 తర్వాత ఎంపెడా, ఆసియా-పసిఫిక్ దేశాల ఆక్వాకల్చర్ సంస్థ నాకాతో కలిసి ఆంధ్ర చెరువుల్లో వ్యాధి కారణాలను అధ్యయనం చేసింది. పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరులో కొద్దిమంది రైతులతో మొదలైన ప్రయోగం ఆక్వా క్లబ్బులు అనే రైతు బృందాలకు బాట వేసింది. పద్ధతులు సాదాసీదావే. చెరువు ఎండగట్టి అడుగు నల్లమట్టి తీయడం, సీడ్‌లో వైరస్ ఉందేమో పీసీఆర్ పరీక్ష చేయించడం, అందరూ ఒకేసారి సీడ్ వదలడం, నీటిని వడకట్టి బ్లీచింగ్ వేయడం, పీతలు రాకుండా గట్టు చుట్టూ వల కట్టడం. అన్నిటికన్నా ముఖ్యం, తెగులు వస్తే దాచకుండా పొరుగువారికి చెప్పి, నీరు వదలకుండా ఆపడం. ఈ అనుభవం మీదనే 2007లో సుస్థిర ఆక్వాకల్చర్ జాతీయ కేంద్రం (నాక్సా) ఏర్పడింది. వైరస్ ఎండబెట్టిన చెరువు మట్టిలో కూడా 19 రోజుల వరకు బతుకుతుందని చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ (సీబా) పరిశోధన తేల్చింది. పంటకూ పంటకూ మధ్య విరామం ఎందుకు అవసరమో ఇది నిరూపించింది.

వెనామీ రాక

2009లో కేంద్రం వెనామీ అనే విదేశీ రకం రొయ్య సాగును విస్తృతంగా అనుమతించింది. నిర్దిష్ట వ్యాధులు లేని తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించాకే హేచరీలకు ఇస్తారు. కొన్నేళ్లలోనే టైగర్ స్థానాన్ని వెనామీ ఆక్రమించింది. సాగు సాంద్రత పెరిగింది, నీటిలో గాలి కలిపే ఏరేటర్లకు కరెంటు ఖర్చూ పెరిగింది. రోగం లేని సీడ్ వేసినా చెరువులో వైరస్ ఉంటే తెగులు తప్పదు. తర్వాత ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి వచ్చింది. అది మూకుమ్మడిగా చంపదు, ఎదుగుదలను ఆపుతుంది. మేత ఖర్చవుతుంది గానీ రొయ్య తూకానికి రాదు.

మిగిలిన లోటు

తెగులును వెంటనే బయటపెట్టడమే ఊరికి రక్ష. కానీ అలా చెప్పిన రైతు తన చెరువు నష్టాన్ని ఒంటరిగా మోయాల్సి వస్తే నిజం దాగుతుంది. అందుకే వ్యాధి పరీక్షలతో సమానంగా నమ్మదగిన బీమా, లీజు రైతుకు సంస్థాగత రుణం, పని పోయిన కూలీకి ఆసరా కూడా వ్యాధి నివారణలో భాగమే.