కప్పం నుంచి గుట్టు దాకా

ఒకరి గుట్టు తెలిసినవాడు దాన్ని నలుగురిలో చెబితే, అది నిజమైనంతవరకు, చాలా సందర్భాల్లో నేరం కాదు. డబ్బు కావాలని అడగడమూ నేరం కాదు. మరి ‘ఇంత ఇవ్వు, లేదా చెప్పేస్తా’ అన్నప్పుడు ఆ రెండూ కలిసి నేరం ఎలా అయ్యాయి? న్యాయశాస్త్రవేత్తలను ఎంతోకాలంగా వేధిస్తున్న ఈ ప్రశ్నకు తర్కంలో కంటే చరిత్రలోనే స్పష్టమైన జవాబుందని నా అభిప్రాయం. బ్లాక్‌మెయిల్ మొదట నడిచింది గుట్టుల మీద కాదు, పశువుల మీద.

16వ శతాబ్దంలో ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో రీవర్లనే దోపిడీ ముఠాలు ఉండేవి. ఆర్మ్‌స్ట్రాంగ్, గ్రేమ్, ఎలియట్ వంటి వంశాలవాళ్లు రాత్రివేళ గుర్రాల మీద వచ్చి మందలను తోలుకుపోయేవారు, ఇళ్లు తగలబెట్టేవారు. అక్కడ రెండు రాజ్యాల అధికారమూ అంతంతమాత్రమే. అందుకే రైతు ఏదో ఒక ముఠా పెద్దకు డబ్బో ధాన్యమో పశువులో ముట్టజెప్పి తన మందను కాపాడుకునేవాడు. ఆ కప్పమే బ్లాక్‌మెయిల్. 1601లో, ఎలిజబెత్ రాణి కాలంలో, కంబర్లండ్, నార్తంబర్లండ్, వెస్ట్‌మోర్లండ్, డర్హం ప్రాంతాల కోసం చేసిన చట్టం దాన్ని మరణశిక్ష పడే నేరం చేసింది. వసూలు చేసినవాడికే కాదు, ఇచ్చినవాడికీ అదే శిక్ష. బతుకుభయంతో కప్పం కట్టిన రైతును ఉరికంబం ఎక్కించడం ఘోరమే. కానీ చట్టం చేసినవాళ్లు ఒక సంగతి సరిగ్గా పసిగట్టారు. అక్కడ పోతున్నది రైతు గింజలు మాత్రమే కాదు. పన్ను వేసేదీ, శిక్షించేదీ, వదిలిపెట్టేదీ ముఠా నాయకుడే అయినప్పుడు ఆ రైతు ఎవరి పాలనలో ఉన్నట్టు?

తర్వాత మంద స్థానంలోకి పరువు వచ్చినా ఆ దొంగపాలన మారలేదు. స్వలింగ సంపర్క నేరం మోపుతానని బెదిరించి డబ్బు గుంజడం దారిదోపిడీతో సమానమని 1779లో డానలీ కేసులో ఇంగ్లండ్ న్యాయమూర్తులు తేల్చారు. కత్తి చూపకపోయినా, భయంతో ఇచ్చినది ఇష్టంతో ఇచ్చినది కాదన్నారు. ఆ భయాన్ని 1885 నాటి చట్టం మరింత పెంచింది. పురుషుల మధ్య ఏకాంతంలో జరిగే సంబంధాలను కూడా నేరం చేసిన ఆ సెక్షన్‌కు బ్లాక్‌మెయిలర్ల హక్కుపత్రమన్న పేరు స్థిరపడింది. ఆస్కార్ వైల్డ్ తన ఉత్తరాలు చేజిక్కించుకున్నవాళ్లకు డబ్బిచ్చిన సంగతి 1895 విచారణలో బయటికొచ్చింది. 1950–53 మధ్య ఇంగ్లండ్, వేల్స్ పోలీసులకు అందిన 71 బ్లాక్‌మెయిల్ ఫిర్యాదుల్లో 32 ఇలాంటివేనని ఈ చట్టాలను సమీక్షించిన వుల్ఫెండెన్ కమిటీ 1957లో లెక్క చూపింది. మన 1860 శిక్షాస్మృతి కూడా ఇదే ప్రమాదాన్ని ముందే ఊహించింది. స్వలింగ సంపర్కాన్ని కూడా శిక్షించిన తన 377వ సెక్షన్ కింద నేరం మోపుతానని బెదిరించి డబ్బు గుంజేవాడికి 388, 389 సెక్షన్లలో యావజ్జీవం దాకా శిక్ష రాసింది. భయాన్ని సృష్టించిన పుస్తకమే ఆ భయంతో జరిగే వ్యాపారాన్నీ శిక్షించింది.

తప్పు చేసినవాడికి బయటపడతానన్న భయం ఉండటం మంచిదే కదా అని కొందరంటారు. కానీ బ్లాక్‌మెయిలర్‌కు ఆ తప్పు బయటపడటం నష్టం. అది దాగినన్నాళ్లే అతనికి రాబడి. నిజంగా నేరమే జరిగి ఉంటే, దాన్ని కోర్టుకు చేరకుండా డబ్బుకు దాస్తున్నవాడూ అతనే. బాకీ తీర్చకపోతే దావా వేస్తానన్న అప్పిచ్చినవాడి మాటా బెదిరింపే కదా అన్న వాదన ఇంకా గట్టిది. 1968 నాటి ఇంగ్లండ్ చట్టం దీనికి దారి చూపింది. అడిగేందుకు తగిన ఆధారం ఉందని, ఆ బెదిరింపు సరైన మార్గమని అడిగినవాడు నిజంగా నమ్మాడా అన్నదే అక్కడి పరీక్ష. అప్పిచ్చినవాడు తనకు రావలసినదే అడుగుతాడు. అది ముడితే లెక్క తీరిపోతుంది. బ్లాక్‌మెయిలర్‌కు రావలసినదంటూ ఏదీ లేదు కాబట్టి లెక్క ఎప్పటికీ తీరదు. రీవర్ మళ్లీ వచ్చినట్టే అతనూ మళ్లీ వస్తాడు.

ఫిర్యాదు చేస్తే ఎలాగూ పరువు పోతుందన్న భయమే ఈ పాలనకు ఆఖరి ఆసరా. అందుకే ఇంగ్లండ్ కోర్టులు బాధితుల పేర్లు దాచి సాక్ష్యం చెప్పనిస్తాయి. వై, జెడ్ అన్న అక్షరాలతో సాక్ష్యం చెప్పిన ఇద్దరి అసలు పేర్లు అచ్చువేసిన పత్రికను 1974లో అక్కడి హైకోర్టు కోర్టు ధిక్కారం కింద శిక్షించింది.